ధ్యాస నిలవని పిల్లలకు బడిలో వెసులుబాట్లు: అడగడం నుంచి అమలు దాకా

"ఏడీహెచ్‌డీ అని డాక్టరు చెప్పారు. ఇప్పుడు బడిలో ఏం అడగాలి?" "రిపోర్టు ఇచ్చాం, టీచరు సరే అన్నారు, నెలైనా ఏమీ మారలేదు. ఏం చేయాలి?" తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగేవి ఈ రెండే. (ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం.) రెండింటికీ మూలం ఒకటే. నోటిమాటగా అడిగినది బడిలో నిలవదు. ఏ పీరియడ్‌లో, ఏ పని దగ్గర, ఎవరు ఏం చేయాలో ఒక్క పేజీలో రాసి ఉండాలి. ఆ పేజీ తయారుచేసే పద్ధతి, దాన్ని అమలు చేయించే పద్ధతి కింద వరసగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ, ప్రైవేటు బడులను దృష్టిలో పెట్టుకుని రాశాం.

ముందే ఒక మాట. వెసులుబాటు అంటే పాఠం తగ్గించమని కాదు. అదే పాఠం, అదే ప్రశ్న. కూర్చునే చోటు, సూచన చెప్పే తీరు, కాగితం మీద ప్రశ్నల అమరిక, సమయం మాత్రం మారతాయి. బడివాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మొదటి నిమిషంలోనే చెబితే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి.

1. పది బడి రోజులు రాసిపెట్టండి

"కుదురు లేదు", "చెప్పింది వినడు" అన్న మాటలతో టీచరు గానీ డాక్టరు గానీ చేయగలిగేది తక్కువ. చిన్న నోటుబుక్కు తీసుకుని పది బడి రోజులు రాయండి. ప్రతిసారీ నాలుగే విషయాలు: ఎప్పుడు, ఏ పని, ఎంతసేపు చేశాడు, తిరిగి పనిలో పడటానికి ఏది పనికొచ్చింది.

నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. అడగాల్సిన వెసులుబాట్లు దొరికేది దాంట్లోనే. నమూనాకు మూడు:

- సోమవారం, 2వ పీరియడ్, లెక్కలు. బోర్డు మీది 10 లెక్కలు ఎక్కించుకోవాలి. 3 ఎక్కించాడు, అందులో ఒకచోట 56కి బదులు 65 రాశాడు. అవే లెక్కలు ఇంట్లో కాగితం మీద రాసిస్తే 8 సరిగా చేశాడు.
- మంగళవారం, సాయంత్రం 6:10, ఇంగ్లిష్ హోంవర్క్. 8 నిమిషాలకు లేచాడు. పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న చూపిస్తే 15 నిమిషాలు చేశాడు.
- బుధవారం. డైరీలో హోంవర్క్ సగమే ఉంది. స్నేహితుడి ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాం. ఈ వారంలో ఇది మూడోసారి.

మొదటి నమోదు చూడండి. ఆ పిల్లవాడికి లెక్కలు వచ్చు. ఇబ్బందల్లా బోర్డు నుంచి పుస్తకంలోకి ఎక్కించడంలో ఉంది. ఇది తెలియకపోతే లెక్కల ట్యూషన్ పెట్టిస్తాం, ఇబ్బంది మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

క్లాస్ టీచరును మూడే ప్రశ్నలు అడగండి. ఏ పీరియడ్‌లో ఎక్కువ ఇబ్బంది? ఏ పీరియడ్‌లో బాగుంటాడు? ఏం చేస్తే తిరిగి పనిలో పడుతున్నాడు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబు తరచు అన్నిటికన్నా విలువైనదిగా తేలుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇవి చూసుకోండి:

- కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించారా?
- నిద్ర సరిపోతోందా? గురక పెడుతున్నాడా?
- తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి ఈమధ్యే మారాడా? భాష అర్థంకాని పిల్లలు కూడా అచ్చం ధ్యాస లేనట్టే కనిపిస్తారు.
- మాట మధ్యలో, పని మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయి, పిలిచినా తాకినా పలక్కుండా, మళ్లీ ఏమీ జరగనట్టు మామూలవుతున్నాడా? ఇది ఒక రకం మూర్ఛ కావచ్చు. డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వీలైతే వీడియో తీసి చూపించండి.

ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. గంతులు వేయకుండా, అల్లరి చేయకుండా, కిటికీలోంచి చూస్తూ కూర్చునే పాప మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. మార్కులు తగ్గేదాకా ఆ ఇబ్బంది బయటపడదు.

2. ఎవరికి చూపించాలి, ఏ కాగితం తెచ్చుకోవాలి

ఏడీహెచ్‌డీని తేల్చేది పిల్లల మానసిక వైద్యులు, ఎదుగుదల సమస్యలు చూసే పిల్లల డాక్టర్లు, వాళ్లతో కలిసి పనిచేసే క్లినికల్ సైకాలజిస్టులు. రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేలేది కాదు. లక్షణాలు 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, కనీసం 6 నెలలుగా ఉండాలి, రెండు చోట్లయినా కనిపించాలి, అంటే ఇంట్లోనూ బడిలోనూ. అందుకే డాక్టరు టీచరు కోసం విడిగా ఒక ఫారం ఇస్తారు. దాన్ని టీచరే నింపాలి. టీచరు తీరిక లేదంటే మీరే నింపేసి ఇవ్వకండి, ఫలితం తప్పుతుంది. ఒక్క టీచరు పీరియడ్‌లోనే ఇబ్బంది ఉంటే కారణం వేరేచోట వెతకాలి.

ప్రభుత్వ మార్గం కావాలంటే జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద నడిచే డైస్ కేంద్రాలు (ఎదుగుదల సమస్యలను త్వరగా గుర్తించే జిల్లా కేంద్రాలు) 18 ఏళ్ల దాకా పిల్లలను చూస్తాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని మానసిక వైద్యశాల, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ) కూడా ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గర రెండు కాగితాలు అడగండి. ఒకటి పూర్తి రిపోర్టు, అది మీ ఫైల్లో ఉండాలి. రెండోది బడికి ఇవ్వడానికి ఒక పేజీ ఉత్తరం. అందులో ఇబ్బంది పేరు, బడిలో అది ఎలా కనిపిస్తుంది, ఏ వెసులుబాట్లు కావాలి, తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలు. ఇంటి సంగతులు, ఐక్యూ అంకెలు ఉన్న పూర్తి రిపోర్టును స్టాఫ్‌రూమ్‌లో తిరగనివ్వాల్సిన పని లేదు.

చదవడం, స్పెల్లింగు, రాత, లెక్కల్లో కూడా ఇబ్బంది ఉంటే లెర్నింగ్ డిజేబిలిటీ పరీక్ష కూడా చేయమని అడగండి. ఏడీహెచ్‌డీతో పాటు అది ఉండటం మామూలే. ఇది అడగడానికి ఇంకో కారణం చట్టంలో ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ ఉంది, ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. పదో తరగతి బోర్డు పరీక్షల్లో అడిగే సర్టిఫికెట్టుకు ఈ తేడా చాలా ముఖ్యం.

క్లాసులో ఇచ్చే వెసులుబాట్లకు మాత్రం 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్టు చేతిలో ఉండితీరాలని లేదు. అదే చట్టం 16వ సెక్షను, పిల్లల అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేయాలని బడులకు చెబుతోంది. ప్రభుత్వ బడికైనా, గుర్తింపు పొందిన ప్రైవేటు బడికైనా ఇది వర్తిస్తుంది. "సర్టిఫికెట్ తెస్తేనే ముందు బెంచీ" అని ఎవరైనా అంటే, బోర్డు పరీక్షల నిబంధన వేరు, క్లాసు సర్దుబాటు వేరు అని మెల్లగా విడదీసి చెప్పండి.

3. వెసులుబాట్లు ఎంచుకోవడం: నాలుగు చాలు

ఇంటర్నెట్‌లో దొరికిన 25 అంశాల జాబితా ప్రింటు తీసి ఇచ్చేవాళ్లున్నారు. 45 మంది ఉన్న క్లాసులో ఏ టీచరూ 25 గుర్తుపెట్టుకోలేరు. నాలుగు అడగండి. మీ పది రోజుల నోట్సులో ఎక్కువసార్లు కనిపించిన ఇబ్బందులకు సరిపోయే నాలుగు.

ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టండి: ఇది జరిగిందో లేదో వేరొకరు చూసి చెప్పగలరా? "ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి" అన్నది ఈ పరీక్షలో తప్పుతుంది. "చివరి పీరియడ్‌లో డైరీ చూసి టీచరు పొట్టి సంతకం చేయాలి" అన్నది నిలుస్తుంది.

కూర్చునే చోటు

మొదటి లేదా రెండో వరస, టీచరు నడిచే దారి పక్కన. తలుపు, కిటికీ, చెత్తబుట్ట దగ్గర వద్దు. మాటిమాటికీ వెనక్కి తిరిగే పిల్లలకు మొదటి బెంచీ కన్నా రెండో వరస గోడవైపు మేలు. పక్కన నెమ్మదైన పిల్లవాడు ఉండాలి, కానీ అతన్ని కాపలాదారుగా పెట్టకూడదు. ఒక్కణ్నే విడిగా కూర్చోబెట్టడం వెసులుబాటు కాదు, శిక్ష.

చాలా బడుల్లో వారం వారం బెంచీలు మారుస్తారు. "బెంచీలు మార్చేటప్పుడు కూడా ఈ చోటు మారకూడదు" అని రాయించకపోతే రెండో వారానికే వెనక బెంచీలో ఉంటాడు.

కదలడానికి అవకాశం

20, 25 నిమిషాలకోసారి లేచే పని ఇవ్వాలి: బోర్డు తుడవడం, నోటుబుక్కులు పంచడం, హాజరు రిజిస్టరు ఆఫీసుకు తీసుకెళ్లడం. లేవబోయేవాడు ఎలాగూ లేస్తాడు, ఆ లేవడానికి ఒక పని తోడైతే క్లాసు చెదరదు. వెనకవైపు నిలబడి రాసుకోనివ్వడం కూడా పనిచేస్తుంది.

ఇక్కడ మరోటి తప్పనిసరిగా రాయించండి: పని పూర్తిచేయలేదని ఇంటర్వెల్ గానీ ఆటల పీరియడ్ గానీ తీసేయకూడదు. ఇలాంటి పిల్లలకు బడిలో తరచు పడే శిక్ష ఇది. కదలిక ఆపేస్తే తర్వాతి పీరియడ్ ఇంకా పాడవుతుంది.

సూచనలు

ముందు పేరు పిలవాలి, చూశాక ఒక్క సూచన చెప్పాలి. "పుస్తకం తియ్యి, 42వ పేజీ, మూడో ప్రశ్న చదివి జవాబు నోట్సులో రాయి, తేదీ వెయ్యి" అన్నది ఐదు సూచనలు. అందులో మొదటిదీ చివరిదీ మిగులుతాయి. బోర్డు మూలన 1, 2, 3 అని రాసి ఉంచితే పిల్లవాడు తనంతట తాను తిరిగి చూసుకుంటాడు. ఇది క్లాసు మొత్తానికీ పనికొచ్చేది కాబట్టి టీచర్లు తేలిగ్గా ఒప్పుకుంటారు.

బోర్డు మీది నోట్సు

ప్రశ్నలను జిరాక్సు ఇచ్చి జవాబులు మాత్రం రాయమనడం. లేదా శుక్రవారం తోటి విద్యార్థి నోట్సు జిరాక్సు తీసి, రాయని చోట అతికించుకోనివ్వడం. ప్రైవేటు బడుల్లో పరీక్షకు చదివేది నోట్సు నుంచే. నోట్సు సగమే ఉంటే ధ్యాస ఇబ్బంది కాస్తా మార్కుల ఇబ్బంది అవుతుంది. నోట్సు పూర్తి కాలేదని మార్కులు కోయకూడదని కూడా రాయించండి.

పనిని ముక్కలు చేయడం

20 లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా 5 చొప్పున. అయిదు చేసి చూపించాక తర్వాతి అయిదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఒక్కో మడత విప్పుతూ చేయించడం ఖర్చులేని ఉపాయం. ఇంట్లో హోంవర్కుకు హద్దు పెట్టించండి. ఉదాహరణకు మూడో తరగతిలో 30 నిమిషాలు కూర్చుని చేసినంత చేశాక మీరు సంతకం పెట్టి ఆపేస్తారు, మర్నాడు దానికి శిక్ష ఉండదు.

డైరీ, సామాన్లు

- పాఠ్యపుస్తకాల రెండో సెట్టు ఇంట్లో.
- ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు అట్ట, పాఠ్యపుస్తకానికీ నోటుబుక్కుకూ ఒకే రంగు.
- చివరి 5 నిమిషాల్లో సంచి సర్దుకోవడం, డైరీ చూసి టీచరు సంతకం.

గుర్తుచేసే సైగ

పది మందిలో పేరు పెట్టి అరవడానికి బదులు బల్ల మూల రెండుసార్లు తట్టడం. ఏ సైగ అన్నది టీచరు, పిల్లవాడు ఇద్దరే మాట్లాడుకుని పెట్టుకోవాలి. వాడికి తెలియని సైగకు అర్థం ఉండదు.

మందు వాడుతుంటే

మందు సంగతి మీరూ డాక్టరూ తేల్చుకోవాల్సింది. మందు వేస్తేనే బడికి పంపండి అనే హక్కు బడికి లేదు. అయితే వాడుతున్న మందు ఏ గంటల్లో పనిచేస్తుందో తెలిస్తే వెసులుబాట్లను అందుకు తగ్గట్టు పెట్టుకోవచ్చు. మిథైల్‌ఫెనిడేట్ అనే ఏడీహెచ్‌డీ మందు త్వరగా దిగే రకమైతే 3, 4 గంటలే పనిచేస్తుంది. పొద్దున 7:30కు వేస్తే 11:30 తర్వాత పీరియడ్లకు అది ఉండదు. మధ్యాహ్నం ఆకలి తగ్గి టిఫిన్ బాక్సు నిండుగా తిరిగి రావచ్చు. తిననందుకు తిట్టవద్దని టీచరుకు చెప్పి, పొద్దున బాగా తినిపించి పంపండి.

4. ఉత్తరం రాయడం

హెచ్ఎం లేదా ప్రిన్సిపాల్ పేరున, క్లాస్ టీచరుకు నకలుతో. ఒక్క పేజీ దాటకూడదు. తెలుగులో రాసినా చెల్లుతుంది. నమూనా:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
మా అబ్బాయి మీ బడిలో 5వ తరగతి చదువుతున్నాడు. వాడికి ఏడీహెచ్‌డీ ఉన్నట్టు డాక్టరు నిర్ధారించారు. ఉత్తరం జతచేశాం. బోర్డు మీద నుంచి ఎక్కించుకోవడం, డైరీ పూర్తిగా రాయడం, 15 నిమిషాలకు మించి ఒకే పని చేయడం కష్టమవుతున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను ప్రకారం ఈ కింది సర్దుబాట్లు కోరుతున్నాం.
ఒకటి: రెండో వరసలో, తలుపుకు దూరంగా చోటు. బెంచీలు మార్చినా ఇది మారకూడదు.
రెండు: లెక్కలు, సైన్సు ప్రశ్నల జిరాక్సు.
మూడు: చివరి పీరియడ్‌లో డైరీ చూసి సంతకం.
నాలుగు: స్లిప్ టెస్టుల్లో అదనపు సమయం, మధ్యలో 3 నిమిషాల విరామం.
శిక్షగా ఇంటర్వెల్, ఆటల పీరియడ్ ఆపవద్దని మనవి. వీటి గురించి 20 నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వగలరు. ఆరు వారాల తర్వాత కలిసి సమీక్షించుకుందాం."

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకదాని మీద తేదీ, ముద్ర, ఇన్వర్డ్ నంబరు (ఆఫీసుకు అందిన ఉత్తరానికి వేసే నంబరు) వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఆఫీసులో ముద్ర వేయనంటే అదే ఉత్తరాన్ని బడి ఈమెయిల్‌కు పంపండి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి. వాట్సాప్ మెసేజీ ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు.

5. మీటింగు

పేరెంట్స్ మీటింగు రోజు దీనికి పనికిరాదు. వెనక వరసలో ముప్పై మంది నిలబడి ఉంటారు. విడిగా ఓ 20 నిమిషాలు అడగండి. క్లాస్ టీచరు, ఎక్కువ ఇబ్బంది ఉన్న సబ్జెక్టు టీచరు, నిర్ణయం తీసుకోగల ఒకరు, అంటే హెచ్ఎం గానీ కోఆర్డినేటర్ గానీ, ముగ్గురూ ఉండాలి. నిర్ణయం తీసుకునేవారు లేకపోతే "పైవాళ్లను అడిగి చెబుతాం" దగ్గర ఆగిపోతుంది.

ప్రభుత్వ బడి అయితే మండలంలోని భవిత కేంద్రం ఐఈఆర్పీని కూడా పిలవమని హెచ్ఎంను అడగండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ పథకం నియమించిన వ్యక్తి ఆయనే లేదా ఆమే. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో వివరాలు దొరుకుతాయి.

టీచరు పడుతున్న ఇబ్బందిని ముందు వినండి. ఐదు నిమిషాలు అడ్డుచెప్పకుండా వినండి. ఆ తర్వాత మీ నోట్సులోంచి పనికొచ్చిన విషయంతో మొదలుపెట్టండి: "ఒక్కో ప్రశ్న విడిగా ఇస్తే 15 నిమిషాలు చేస్తున్నాడండీ." ఫిర్యాదుతో మొదలైన మీటింగులో టీచరు తనను కాపాడుకునే పనిలో పడతారు.

లేచేముందు ఇవి రాసుకోండి:

- ఒప్పుకున్నవి ఏవి?
- ఒక్కోదాన్ని ఎవరు చేస్తారు?
- ఏ తేదీ నుంచి?
- సబ్జెక్టు టీచర్లందరికీ ఎవరు చెబుతారు?
- మళ్లీ ఎప్పుడు కూర్చుంటాం?

ఆ సాయంత్రమే ఈ అయిదింటినీ ఈమెయిల్ చేసి, కృతజ్ఞతలు చెప్పండి.

నాలుగో తరగతి దాటిన పిల్లలను ముందే అడగాలి. ముందు బెంచీలో కూర్చోవడం వాడికి నామోషీగా ఉంటే ఆ వెసులుబాటు నిలవదు. తోటి పిల్లలకు జబ్బు పేరు చెప్పొద్దని టీచరుతో స్పష్టంగా అనుకోండి.

6. రోజువారీ కార్డు

పైన చెప్పిన నాలుగింటితో పాటు ఇది ఒక్కటి పెట్టుకుంటే ఇంటికీ బడికీ మధ్య వంతెన పడుతుంది. సరిగా పెడితే బాగా పనిచేస్తుంది. తప్పుగా పెడితే రోజూ ఇంటికి వచ్చే తిట్ల చిట్టా అవుతుంది.

చేతి సైజు అట్టముక్క. ఎడమవైపు 3 లక్ష్యాలు, పైన 3 పీరియడ్లు. మొత్తం 9 గళ్లు. అన్ని పీరియడ్లూ పెట్టకండి, ఏ టీచరూ నింపలేరు. లక్ష్యాలు చేయాల్సిన పనిగా ఉండాలి: "పని మొదలుపెట్టమన్న 2 నిమిషాల్లో మొదలుపెట్టాడు", "చెయ్యెత్తి మాట్లాడాడు, 6 సార్లకు మించి మధ్యలో మాట్లాడలేదు", "ఇచ్చిన ముక్క పూర్తిచేశాడు".

అంకె ఎలా పెట్టాలి? ముందు ఐదు రోజులు లెక్కపెట్టమనండి. పీరియడ్‌లో సగటున 8 సార్లు మధ్యలో మాట్లాడుతుంటే మొదటి లక్ష్యం 6, మూడు కాదు. మొదటి వారంలో అయిదింట నాలుగు రోజులు గెలిచేలా ఉండాలి. రెండు వారాలు అలా గెలిచాక 5కు దించండి.

కార్డును పిల్లవాడే టీచరు బల్ల దగ్గరికి తీసుకెళ్లాలి. టీచరు టిక్కు గానీ అడ్డగీత గానీ పెడతారు, వాక్యాలు రాయరు. ఐడీ కార్డు కవరు వెనక దోపుకుంటే పోదు.

9 గళ్లలో 6 టిక్కులు వస్తే ఆ సాయంత్రమే బహుమతి: అరగంట ఎక్కువ క్రికెట్, రాత్రి ఏ కూర కావాలో తనే చెప్పడం, నాన్నతో క్యారమ్స్. నెలాఖరుకు సైకిల్ కొనిస్తామంటే ధ్యాస నిలవని పిల్లలకు అది చాలా దూరం. టిక్కులు తగ్గిన రోజు బహుమతి ఉండదు, అంతే. దానిమీద ఉపన్యాసం కూడా ఉండకూడదు.

కార్డు తేలేదంటే? టీచరు నింపకపోతే ఆ రోజును లెక్కలోకి తీసుకోకండి. వాడే పోగొడితే సున్నా. రెండూ కలిపేస్తే చెడ్డరోజున కార్డు పారేయడం నేర్చుకుంటాడు. నాలుగు వారాలు కాకముందే "పనిచేయడం లేదు" అని తేల్చేయకండి.

7. పరీక్షలు

అదనపు సమయం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. 40 నిమిషాలకే ధ్యాస అయిపోయిన పిల్లవాడు మిగతా సమయం కూడా పెన్సిలు చెక్కుతూ గడుపుతాడు. విడిగా తక్కువమంది ఉన్న గది, మధ్యలో 3 నుంచి 5 నిమిషాల విరామం, ఒక్కో సెక్షను విడిగా ఇవ్వడం, అరగంటకోసారి ఇన్విజిలేటరు బల్ల తట్టి గుర్తుచేయడం, వీటితో కలిస్తేనే అదనపు సమయం పనికొస్తుంది. జవాబు పత్రం ఇచ్చే ముందు వదిలేసిన ప్రశ్నలున్నాయేమో చూసుకోమని ఒక్కసారి చెప్పడం కూడా అడగొచ్చు.

ఎఫ్ఏ, ఎస్ఏ, యూనిట్ టెస్టులు బడి చేతిలోవి. వీటికి పై ఉత్తరం, డాక్టరు ఉత్తరం సరిపోతాయి. బోర్డు పరీక్షలకు మాత్రం కాగితాలు ముందే కావాలి.

సీబీఎస్‌ఈలో ప్రత్యేక అవసరాల విద్యార్థులకు గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇస్తారు. 3 గంటల పేపరుకు 60 నిమిషాలు, 2 గంటలకు 40. స్క్రైబ్ (చెప్పిన జవాబును రాసిపెట్టేవారు), భాషల విషయంలో మినహాయింపులు కూడా ఉన్నాయి. వీటికి 2016 చట్టం జాబితాలోని వైకల్యం సర్టిఫికెట్టు కావాలి. 9వ తరగతి రిజిస్ట్రేషన్‌లోనే ఆ వివరం నమోదు చేయించండి. రాష్ట్ర బోర్డు బడుల్లో పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) పంపేటప్పుడు మినహాయింపుల వివరం కూడా వెళ్లాలి. అది హెచ్ఎం చేతి మీదుగా జరుగుతుంది. హాల్‌టికెట్ వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.

కాబట్టి లెర్నింగ్ డిజేబిలిటీ ఉన్న పిల్లలకు 8వ తరగతిలోనే సర్టిఫికెట్టు పని మొదలుపెట్టండి. సదరం (వైకల్య నిర్ధారణ), యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) వివరాలు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ లేదా వార్డు సచివాలయంలో, తెలంగాణలో మీసేవలో అడగండి. స్లాటు దొరకడం, పరీక్షలు, కార్డు రావడం అన్నిటికీ నెలలు పట్టవచ్చు.

40 శాతం కన్నా తక్కువ వచ్చిందని వదిలేయకండి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, స్క్రైబ్ లాంటి సర్దుబాటును 40 శాతం దాటినవారికే పరిమితం చేయడం కుదరదని చెప్పింది. ఆ తీర్పును ప్రస్తావిస్తూ బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు.

స్క్రైబ్ అందరికీ మేలు కాదు. రాత ఇబ్బంది ఉంటేనే అడగండి. చెప్పి రాయించడానికి జవాబు మొత్తం తలలో వరసగా ఉండాలి, ధ్యాస నిలవని పిల్లలకు అదీ కష్టమే. తీసుకుంటే పరీక్షకు ముందు కనీసం ఆరుసార్లు పూర్తి పేపరు అలా రాయించి అలవాటు చేయండి.

8. ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దాలి

మొదటి వారం జరిగి ఆగిపోయింది. క్లాస్ టీచరుకే తెలిసి, సబ్జెక్టు టీచర్లకు తెలియకపోవడమే దీనికి ఎక్కువగా కారణం. ఒప్పుకున్న నాలుగింటిని పోస్టుకార్డంత కాగితం మీద రాసి, హాజరు రిజిస్టరు లోపలి అట్టకు అతికించమని అడగండి. పిల్లవాడి పేరు బదులు రోల్ నంబరు వేయిస్తే గోప్యత ఉంటుంది.

"ఒక్కడికి ఇస్తే మిగతావాళ్లు అడుగుతారు" అన్నారు. కళ్లద్దాల ఉదాహరణ అందరికీ అర్థమవుతుంది. చూపు ఆనని పిల్లవాడికి అద్దాలు ఇచ్చినప్పుడు మిగతావాళ్లకు అన్యాయం జరిగిందని ఎవరూ అనరు.

కొడుతున్నారు, బయట నిలబెడుతున్నారు. దీన్ని సర్దుబాట్ల చర్చలో కలపకండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. తేదీలతో విడిగా రాసివ్వండి. అవసరమైతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

టీసీ తీసుకెళ్లమని నోటితో చెప్పారు. రాసివ్వమని అడగండి. వాళ్లు రాయకపోతే, ఆ మాట ఎవరు ఏ రోజు అన్నారో పేర్కొంటూ మీరే ఈమెయిల్ చేయండి.

పిల్లవాడే వద్దంటున్నాడు. ఏది నచ్చడం లేదో అడిగి దాన్ని ఒక్కదాన్నే మార్చండి. చాలాసార్లు అది పదిమందికీ కనిపించేదే అయి ఉంటుంది.

రాతపూర్వకంగా అడిగినా కదలిక లేకపోతే వరస ఇది: హెచ్ఎం లేదా ప్రిన్సిపాల్, తర్వాత ప్రైవేటు బడిలో యాజమాన్యం, ప్రభుత్వ బడిలో ఎంఈఓ, ఆ తర్వాత డీఈఓ (జిల్లా విద్యాధికారి), చివరికి రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. ప్రతి మెట్టు దగ్గరా కిందిమెట్టుకు ఇచ్చిన ఉత్తరం కాపీ జతచేయండి. ఇన్వర్డ్ నంబరు వేయించుకోమన్నది ఇందుకే.

9. ఆరు వారాలకోసారి, జూన్‌లో ఒకసారి

ఆరు వారాల సమీక్షలో ఒక్కో వెసులుబాటుకు రెండు ప్రశ్నలు: జరిగిందా? జరిగితే పనికొచ్చిందా? జరగనిదాన్ని పనికిరానిదిగా లెక్కేయకండి. జరిగీ పనికిరానిదాన్ని తీసేసి మరొకటి పెట్టండి. తేడా తెలుసుకోవడానికి మళ్లీ మూడు రోజులు నోట్సు రాయండి: అప్పుడు 10 లెక్కల్లో 3 ఎక్కించినవాడు ఇప్పుడు ఎన్ని చేస్తున్నాడు?

జూన్‌లో బడి తెరిచాక టీచరు మారతారు, పోయిన ఏడాది ఒప్పుకున్నవన్నీ మరుగున పడతాయి. ఏప్రిల్‌లోనే పాత టీచరుతో "ఏది పనిచేసింది" అని నాలుగు వాక్యాలు రాయించుకుని ఉంచండి. బడి తెరిచిన మొదటి వారంలో కొత్త క్లాస్ టీచరుకు ఇవ్వాల్సిన కవరులో:

- పాత టీచరు రాసిన నాలుగు వాక్యాలు
- ఒప్పుకున్న వెసులుబాట్ల పేజీ, కొత్త తేదీతో
- డాక్టరు ఉత్తరం, ఏడాది దాటితే కొత్తది
- ఖాళీ రోజువారీ కార్డులు 20
- మీ ఫోన్ నంబరు, మాట్లాడటానికి వీలైన సమయం